ప్లాస్టిక్‌ను చదవడం నేర్చుకోవడం: గుళిక నుంచి వస్తువు దాకా

మీ ఇంటి స్నానాలగదిలోని మగ్గును వెలుతురులోకి తెచ్చి, బోర్లించి చూడండి. అడుగున నట్టనడుమ చిన్న గుండ్రని గాటు కనిపిస్తుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ప్రవేశించిన ద్వారం అదే. దాన్ని గేట్ అంటారు. వేలి కొసను అంచు వెంట నడిపితే సన్నని గీత తగులుతుంది. అచ్చులోని రెండు సగాలు కలిసిన చోటు అది. పిడి అతికిన చోట గోడ లోపలివైపు కొద్దిగా గుంట పడి ఉంటే, అక్కడ పదార్థం మందంగా ఉండి, ఆలస్యంగా చల్లారి, లోపలికి లాక్కుందని అర్థం. మగ్గు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండటం కేవలం అందం కోసం కాదు. ఆ కొద్దిపాటి వాలు లేకపోతే చల్లారి బిగుసుకున్న వస్తువు అచ్చును విడిచి బయటికి రాదు.

ప్లాస్టిక్ యూనిట్లలో పని నేర్చుకోవడానికి వచ్చేవారిని సాధారణంగా మొదటి రోజే మెషిన్ ప్యానెల్ ముందు నిలబెడతారు. ఏ మీట ఏం చేస్తుందో వారికి ఆరు నెలల్లో వచ్చేస్తుంది. కానీ ముడిసరుకు మారిన రోజున, వాన కురిసిన రోజున, కొత్త అచ్చు ఎక్కించిన రోజున వారు చేష్టలుడిగి నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ మార్గదర్శిలో క్రమాన్ని మార్చాను: ముందు వస్తువు, తర్వాత పదార్థం, ఆ తర్వాతే యంత్రం. ఐటీఐ, డిప్లొమా విద్యార్థులకూ, చిన్న యూనిట్ పెట్టాలనుకునేవారికీ ఈ క్రమం పనికొస్తుందని నా గట్టి నమ్మకం. కావలసినవి ఒక నోటు పుస్తకం, గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, మందం కొలిచే ఒక వెర్నియర్ కాలిపర్, మూడు నెలల ఓపిక.

మొదటి మెట్టు: వస్తువు ఎలా తయారైందో గుర్తుపట్టడం

మొదటి వారం ఇంట్లోని ఇరవై వస్తువులను ముందు వేసుకుని, ఒక్కొక్కటీ ఏ పద్ధతిలో తయారైందో రాయండి. బకెట్, మూత, కుర్చీ, స్విచ్ పెట్టె వంటి వాటికి గేట్ గుర్తు ఉంటుంది; అవి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి నెట్టే ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో తయారైనవి. షాంపూ సీసా అడుగున గాటుకు బదులు అడ్డంగా నొక్కి అతికినట్టు ఒక గీత ఉంటుంది. కరిగిన గొట్టాన్ని అచ్చు రెండు సగాల మధ్య పట్టి, లోపలికి గాలి ఊది దాన్ని తయారు చేశారన్నమాట. మంచినీళ్ల సీసా అడుగున మాత్రం మధ్యలో చుక్క కనిపిస్తుంది, ఎందుకంటే ముందుగా దాన్ని పరీక్షనాళిక ఆకారంలో ఇంజెక్షన్‌లో పోసి, మళ్లీ వేడిచేసి సాగదీస్తూ ఊదుతారు. పైపునూ, పొలంలో బిందుసేద్యానికి పరిచే సన్నని గొట్టాన్నీ (డ్రిప్ లేటరల్) ఎక్కడ కోసినా ఒకే అడ్డుకోత కనిపిస్తుంది. అది కరిగిన ప్లాస్టిక్‌ను రంధ్రం గుండా ఆగకుండా నెట్టే ఎక్స్‌ట్రూజన్ పని. మేడమీది నీళ్ల ట్యాంకుకు గేటూ ఉండదు, నొక్కిన గీతా ఉండదు. అచ్చులో ప్లాస్టిక్ పొడి పోసి, దాన్ని వేడిలో రెండు ఇరుసుల మీద నెమ్మదిగా తిప్పుతారు. పలచని టీ కప్పు మూలల దగ్గర మరీ పలచబడి ఉంటే, వేడిచేసిన షీటును లాగి చేసిన థర్మోఫార్మింగ్ అని గ్రహించవచ్చు.

ఈ అభ్యాసాన్ని తేలిగ్గా తీసుకోకండి. వస్తువును చూసి పద్ధతి చెప్పగలిగినవారికి, తర్వాత పద్ధతిని చూసి లోపం చెప్పడం సగం వచ్చినట్టే.

రెండో మెట్టు: నెయ్యి, లక్క, ఉడికిన గుడ్డు

ప్లాస్టిక్‌ల పేర్లు వందల్లో ఉంటాయి. వాటి స్వభావాలు మాత్రం ముఖ్యంగా మూడు. ఉడికిన గుడ్డును మళ్లీ వేడిచేస్తే అది తిరిగి ద్రవం కాదు. 1907లో లియో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్, కుక్కర్ పిడి, మెలమైన్ పళ్లెం ఈ జాతివి. వేడిలో వాటి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి కాబట్టి అవి ఇక కరగవు. వీటిని థర్మోసెట్‌లు అంటారు. మిగిలినవన్నీ వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్లీ వేడికి మెత్తబడే థర్మోప్లాస్టిక్‌లు.

థర్మోప్లాస్టిక్‌లలో రెండు తీరులున్నాయి. నెయ్యి ఒక వేడి దగ్గర గబుక్కున కరిగి, చల్లారుతూ పూసకడుతుంది. పాలీప్రొపిలీన్, పాలిథీన్, నైలాన్, ఎసిటాల్ అలాంటివి. వాటి గొలుసులు చల్లారేటప్పుడు కొంతమేర వరుసగా సర్దుకుంటాయి, అందుకే అవి ఎక్కువగా ముడుచుకుంటాయి, సాధారణంగా పాలలా మసకగా ఉంటాయి, రసాయనాలను బాగా తట్టుకుంటాయి. రెండో తీరు లక్కది. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో గాజులు చేసేవారు లక్కను నిప్పుల మీద పట్టినప్పుడు అది ఒక్కసారిగా కరగదు, క్రమంగా మెత్తబడి వంగుతుంది. పాలీస్టైరీన్, ఏబీఎస్, పాలికార్బొనేట్, యాక్రిలిక్ ఇలాగే మెత్తబడతాయి. వీటి గొలుసులు చిందరవందరగానే గట్టిపడతాయి కాబట్టి ముడత, అంటే చల్లారి కుదించుకోవడం, తక్కువ. ఏబీఎస్ వంటి మిశ్రమాలను పక్కన పెడితే ఇవి పారదర్శకంగా ఉంటాయి. అయితే కొన్ని ద్రావకాలు, నూనెలు తగిలితే ఇవి పగుళ్లు బారతాయి.

ఈ తేడా కాగితం మీది సంగతి కాదని తెలియడానికి ఒక లెక్క వేద్దాం. అచ్చులో 200 మిల్లీమీటర్ల పొడవున్న పట్టీని పాలీప్రొపిలీన్‌తో పోస్తే, ముడత 1.5 శాతం అనుకుంటే, వస్తువు 3 మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది. అదే అచ్చులో ఏబీఎస్ పోస్తే, ముడత 0.5 శాతం చొప్పున, ఒక్క మిల్లీమీటరే తగ్గుతుంది. ఒక పదార్థం కోసం కోసిన డైలో మరొకటి పోసి, మూత బిగుతుగా కూర్చోలేదని మెషిన్‌ను నిందించడం ఎంత వృథా శ్రమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో మెట్టు: పదార్థాన్ని చేత్తో పట్టి పోల్చుకోవడం

సీసాల కింద త్రికోణంలో ఉండే అంకెలు 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ప్రవేశపెట్టినవి. 1 పెట్ (మంచినీళ్ల సీసాలది), 2 హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత గల పాలిథీన్), 3 పీవీసీ (పైపులది), 4 ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత గల పాలిథీన్), 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 7 మిగిలినవన్నీ. ఈ అంకెలున్న వస్తువుల నుంచి ముక్కలు కోసి, పేర్లు రాసి, ఒక డబ్బాలో పెట్టుకోండి. అంకె లేని వస్తువు ఎదురైనప్పుడు పోల్చుకోవడానికి ఇవే మీ కొలబద్దలు.

మొదటి పరీక్ష నీళ్లది. గ్లాసు నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి, గాలి బుడగలు అంటకుండా ముక్కను ముంచి వదలండి. తేలినవి పాలీప్రొపిలీన్, పాలిథీన్ కుటుంబాలవి. నీటి సాంద్రత 1 అనుకుంటే వీటిది 0.90 నుంచి 0.97 దాకా ఉంటుంది. మునిగినవాటిని గాఢమైన ఉప్పు నీళ్లలో వేయండి. 1.05 సాంద్రత ఉన్న పాలీస్టైరీన్, ఏబీఎస్ పైకి వస్తాయి, 1.38 ఉన్న పెట్, దానికి దగ్గరగా ఉండే పైపు పీవీసీ అడుగునే ఉంటాయి. నీళ్లలో తేలినవాటిని విడదీయాలంటే ఆ నీళ్లలో కొద్దికొద్దిగా స్పిరిట్ కలుపుతూ పోవాలి. ముందు హెచ్‌డీపీఈ మునుగుతుంది, తర్వాత ఎల్‌డీపీఈ, చివరికి పాలీప్రొపిలీన్. ఇక్కడొక మెలిక ఉంది. చవక కుర్చీ ముక్క పాలీప్రొపిలీనే అయినా నీళ్లలో మునగవచ్చు, ఎందుకంటే అందులో సుద్దపొడి కలిపి ఉంటారు. సుద్ద, టాల్క్, గాజు నార కలిస్తే సాంద్రత మారిపోతుంది. కాబట్టి ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

రెండో పరీక్ష మంట. దీన్ని ఆరుబయటే, గోరంత ముక్కతో, పటకారుతో పట్టి చేయాలి. కింద నీళ్ల పళ్లెం ఉండాలి. పొగలో ముఖం పెట్టకూడదు, ఆర్పిన తర్వాత చేత్తో విసిరి వాసన మాత్రమే తెలుసుకోవాలి. పాలిథీన్ కొవ్వొత్తిలా మండి, చుక్కలు కారుస్తుంది, వాసనా కొవ్వొత్తిదే. పాలీస్టైరీన్ దట్టమైన నల్లని మసి వదులుతుంది. నైలాన్ కాలితే వెంట్రుకలు కాలిన కమురు వస్తుంది. పీవీసీ మంటలోంచి తీయగానే ఆరిపోతుంది, దాని పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కనుక వాసన చూడనే చూడకండి. దానికి వేరే ఉపాయం ఉంది: రాగి తీగను ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు తాకించి, తిరిగి మంటలో పెడితే జ్వాల ఆకుపచ్చగా మారుతుంది. అది క్లోరిన్ గుర్తు.

నాలుగో మెట్టు: డేటాషీట్‌లో మొదట చూడవలసిన అంకె

ముడిసరుకు బస్తాతో పాటు వచ్చే కాగితంలో ముప్పై అంకెలుంటాయి. కొత్తవారు మొదట మెల్ట్ ఫ్లో ఇండెక్స్ చూడాలి. యూనిట్లలో దీన్ని ఎంఎఫ్ఐ అనే అంటారు. నిర్ణీత వేడిలో, నిర్ణీత బరువు కింద, సన్నని రంధ్రం గుండా పది నిమిషాల్లో ఎన్ని గ్రాముల పదార్థం కారుతుందో ఆ అంకె చెబుతుంది. పాలీప్రొపిలీన్‌కు 230 డిగ్రీలు, పాలిథీన్‌కు 190 డిగ్రీలు, సాధారణంగా బరువు 2.16 కిలోలు. బియ్యం, సిమెంటు సంచుల పట్టీ అల్లడానికి వాడే పాలీప్రొపిలీన్‌కు ఇది 3 దగ్గర ఉంటుంది. బకెట్లు, మగ్గులు పోసే రకానికి 11, 12 దగ్గర. పలచని గోడల డబ్బాలకు ఇంకా చాలా ఎక్కువ. అంకె చిన్నదైతే గొలుసులు పొడవుగా ఉండి పదార్థం చిక్కగా పారుతుంది, వస్తువు దెబ్బకు ఆగుతుంది. అంకె పెద్దదైతే సులభంగా పారుతుంది, దృఢత్వం కొంత తగ్గుతుంది. ‘పీపీ దాణా’ (పాలీప్రొపిలీన్ గుళికలు) అని మాత్రమే చెప్పి కొనుక్కొచ్చి, పలచని డబ్బా నిండలేదని వేడి పెంచుకుంటూ పోయేవారికి అసలు సమస్య ఈ అంకెలోనే ఉంటుంది.

ఐదో మెట్టు: ఆరబెట్టడం

ఈ భాగం మీద ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే మా వైపు వానాకాలంలో జరిగే నష్టాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉందని నేను చూశాను. పాలిథీన్, పాలీప్రొపిలీన్ నీటిని పీల్చుకోవు. చల్లని గోదాము నుంచి తెచ్చినప్పుడు గుళికల మీద పట్టే చెమ్మ ఆరితే చాలు. ఏబీఎస్, నైలాన్, పాలికార్బొనేట్, పెట్ మాత్రం గాలిలోని తేమను గుళిక లోపలికే తీసుకుంటాయి. ఏబీఎస్‌ను 80 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు గంటలు, పాలికార్బొనేట్‌ను 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు, పెట్‌ను 160 డిగ్రీలకు పైన నాలుగు నుంచి ఆరు గంటలు ఆరబెట్టాలి. పాలికార్బొనేట్‌లో తేమ 0.02 శాతం కంటే తగ్గాలి. నైలాన్, పాలికార్బొనేట్, పెట్ విషయంలో తేమ పైపై మచ్చలతో ఆగదు. కరిగిన వేడిలో నీరు వాటి గొలుసులనే తెంచుతుంది.

పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఆషాఢ మాసపు రాత్రి షిఫ్టులో పారదర్శకమైన పాలికార్బొనేట్ మూతలు పోస్తున్నాం. పది గంటల దాకా బాగానే వచ్చిన మూతల మీద గేట్ నుంచి విసనకర్రలా వెండి చారలు మొదలయ్యాయి. వేడి తగ్గించాం, ఇంజెక్షన్ వేగం తగ్గించాం, సరుకు కరిగేటప్పుడు స్క్రూ మీద ఉండే ఎదురు ఒత్తిడి, అంటే బ్యాక్ ప్రెషర్, పెంచాం. తెల్లవారేసరికి రెండు బస్తాల సరుకు చెత్తబుట్టలోకి పోయింది. ఉదయం షిఫ్టుకు వచ్చిన పెద్ద ఆపరేటర్ ప్యానెల్ వైపు చూడనే లేదు. నేరుగా పైకెక్కి, గుళికలను ఆరబెట్టే హాప్పర్ డ్రయర్ మూత తీసి, గుళికల్లో చేయి పెట్టి, “ఇది గోరువెచ్చగా ఉందిరా” అన్నాడు. హీటర్ కాలిపోయింది. డ్రయర్ తెర మీద 120 అని కనిపిస్తూనే ఉంది, కానీ అది మేము పెట్టిన అంకె, పక్కనే చిన్నగా ఉన్న అసలు వేడి అంకెను రాత్రంతా ఎవరమూ చదవలేదు. చారలు అంతగా కనిపించని కొన్ని మూతలను పనికొస్తాయేమోనని పక్కన పెట్టాం. నడుమెత్తు నుంచి నేల మీద వేస్తే అవి అప్పడాల్లా విరిగాయి. అప్పటినుంచి పెట్టిన అంకెను, ఉన్న అంకెను నోటు పుస్తకంలో వేర్వేరు గడుల్లో రాయడం నాకు అలవాటైంది. మీరూ అలాగే రాయండి.

ఆరో మెట్టు: యంత్రాన్ని స్టాప్‌వాచ్‌తో చదవడం

ఇప్పుడు ఇంజెక్షన్ మెషిన్ దగ్గరికి వెళ్లవచ్చు. హాప్పర్ అనే గరాటు నుంచి గుళికలు బ్యారెల్ అనే వేడి గొట్టంలోకి జారుతాయి. లోపల తిరిగే స్క్రూకు మూడు భాగాలు: గుళికలను ముందుకు నెట్టే మొదటి భాగం, గాడి లోతు తగ్గుతూ వాటిని నొక్కి కరిగించే నడిమి భాగం, కరిగిన ముద్దను ఒకే తీరుగా చేసే చివరి భాగం. కరగడానికి కావలసిన వేడి అంతా బయటి హీటర్ పట్టీల నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. అందులో పెద్ద వాటా స్క్రూ తిరుగుడు వల్ల పుట్టే రాపిడిదే. 1946లో అమెరికాలో జేమ్స్ హెండ్రీ ఇంజెక్షన్ మెషిన్‌లో ప్లంజర్ (సరుకును నెట్టే కడ్డీ) స్థానంలో స్క్రూను తెచ్చాక రంగు, వేడి సమంగా కలవడం సాధ్యమైంది.

అరగంట సేపు ఏ మీటా ముట్టుకోకుండా ఒక సైకిల్‌ను గమనించండి. అచ్చు మూసుకోవడం, ఇంజెక్షన్, హోల్డింగ్ (నిండాక కాసేపు ఒత్తిడి పట్టి ఉంచడం), చల్లార్చడం, అచ్చు తెరుచుకోవడం, వస్తువును నెట్టడం: ఒక్కొక్కదానికీ ఎన్ని సెకన్లు పట్టిందో పది సైకిళ్లకు రాయండి. సగానికి పైగా సమయం చల్లార్చడానికే పోతున్నట్టు కనిపిస్తుంది. చల్లారే సమయం గోడ మందపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 2 మిల్లీమీటర్ల గోడను 3 చేస్తే ఆ సమయం ఒకటిన్నర రెట్లు కాదు, 2.25 రెట్లు అవుతుంది. ‘గట్టిగా ఉండాలి, ఇంకాస్త మందం పెట్టండి’ అనే కొనుగోలుదారుకు ఈ లెక్క చూపించి, మందానికి బదులు పక్కటెముకల్లాంటి సన్నని పట్టీలు పెడితే మేలని చెప్పవచ్చు.

ఏడో మెట్టు: ఒక అచ్చును మొదటి నుంచి సెట్ చేయడం

పర్యవేక్షకుని అనుమతితో, పాలీప్రొపిలీన్ నడిచే ఒక చిన్న అచ్చు మీద ఈ అభ్యాసం చేయండి. బ్యారెల్ వేడి 200 నుంచి 230 డిగ్రీల మధ్య, గుళికల వైపు తక్కువగా, నాజిల్ (అచ్చుకు ఆనే మొన) వైపు ఎక్కువగా పెట్టండి. హోల్డింగ్ ప్రెషర్‌ను సున్నాకు దించి, కొద్దిపాటి సరుకుతో మొదలుపెట్టి, షాట్ షాట్‌కూ (ఒకసారి అచ్చులోకి నెట్టే సరుకే షాట్) పరిమాణం పెంచుతూ సగం నిండిన ముక్కలను వరుసగా బల్లమీద పేర్చండి. పదార్థం అచ్చులో ఏ దారిన పారుతోందో, రెండు ప్రవాహాలు ఎక్కడ కలిసి అతుకు గీత ఏర్పడుతోందో, గాలి ఎక్కడ చిక్కుకుంటోందో ఆ వరుస చూపినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చూపలేదు. వస్తువు 95 నుంచి 98 శాతం నిండిన చోట ఇంజెక్షన్ ఆగి హోల్డింగ్‌కు మారేట్టు పెట్టండి.

తర్వాత త్రాసు తీయండి. హోల్డింగ్ ప్రెషర్‌ను తగినంత పెట్టి, సమయాన్ని ఒక సెకను నుంచి ఒక్కో సెకను పెంచుతూ, ప్రతిసారీ రన్నర్ (గేట్ దాకా సరుకు పారే దారిలో గట్టిపడిన కాడ) తుంచేసి వస్తువును మాత్రమే తూచండి. ఉదాహరణకు 41.20, 41.90, 42.30, 42.50, 42.50 గ్రాములు వచ్చాయనుకుందాం. నాలుగో సెకను తర్వాత బరువు పెరగలేదంటే గేట్ గడ్డకట్టిందని, ఆ తర్వాత ఎంత నొక్కినా లోపలికి సరుకు పోదని అర్థం. నాలుగుకు మరో అర సెకను కలిపి స్థిరపరచండి. మూడు సెకన్లకే ఆపితే లోపలి సరుకు గేట్ గుండా వెనక్కి వచ్చి గుంటలు పడతాయి. ఎనిమిది పెడితే ప్రతి సైకిల్‌లో వృథాగా కరెంటు ఖర్చవుతుంది. హోల్డింగ్ చివర స్క్రూ ముందు 3 నుంచి 6 మిల్లీమీటర్ల సరుకు మిగిలి ఉండాలి. ఆ మిగులు సున్నా అయితే మీరు పెట్టిన ప్రెషర్ వస్తువు దాకా చేరడం లేదన్నమాట.

లోపం కనిపించినప్పుడు ఒకసారికి ఒకే అంకెను మార్చి, కనీసం పది షాట్లు నడిచాక ఫలితం చూడండి. అంచుల్లో పొర వస్తే వెంటనే ప్రెషర్ తగ్గించేవారున్నారు. ముందు అచ్చు ముఖాల మధ్య చెత్త ఇరుక్కుందేమో, బిగింపు టన్నులు (అచ్చును మూసి ఉంచే బలం) చాలుతున్నాయో లేదో చూడాలి. నల్లని కాలిన మచ్చ ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే అది చిక్కుకున్న గాలి. చోటు మార్చుకుంటూ వస్తుంటే బ్యారెల్‌లో మాడిన సరుకు.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

గార్డు తలుపు స్విచ్‌కు తాడు కట్టి మెషిన్ నడపమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. బ్యారెల్ ఖాళీ చేసేటప్పుడు నాజిల్ ఎదుట నిలబడకూడదు, ముఖ కవచం, చేతి తొడుగులు తప్పనిసరి. పీవీసీని వేడి బ్యారెల్‌లో వదిలి భోజనానికి వెళ్లకూడదు. అది మాడి ఆమ్ల వాయువు వదిలి, స్క్రూనూ అచ్చునూ తినేస్తుంది. పీవీసీ, ఎసిటాల్ ఒకే బ్యారెల్‌లో కలవనివ్వకూడదు. రెండూ కలిస్తే తీవ్రంగా విచ్ఛిన్నమై, వాయువుల ఒత్తిడితో నాజిల్ నుంచి చిమ్మే ప్రమాదం ఉంది. ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడు మధ్యలో పాలిథీన్‌తో బ్యారెల్‌ను పూర్తిగా కడగాలి.

రన్నర్లు, పాడైన ముక్కలు

వీటిని పొడి చేసి మళ్లీ కలపవచ్చు, కానీ ప్రతి వేడికీ గొలుసులు కొంత తెగుతాయి కనుక నిష్పత్తిని తూచి కలపాలి, వేరే పదార్థం, వేరే రంగు చేరకుండా కాపాడాలి. ఆహారం, తాగునీరు తాకే వస్తువుల్లో ఎక్కడిదో తెలియని పొడి సరుకు కలపడాన్ని నేను ఏ ధరకూ సమర్థించను. యూనిట్ పెట్టాలనుకునేవారు 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలను, వాటి సవరణలను చదివి తీరాలి. స్ట్రాలు, ప్లాస్టిక్ కప్పులు, పళ్లేల వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువులు కొన్ని 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. క్యారీ బ్యాగు మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు.

ఎక్కడ నేర్చుకోవాలి

ప్లాస్టిక్ సాంకేతికత నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ 1968లో చెన్నైలో మొదలైంది. తెలుగువారికి దగ్గరలో హైదరాబాద్ చర్లపల్లిలోనూ, విజయవాడ దగ్గర సూరంపల్లిలోనూ దాని కేంద్రాలున్నాయి. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమాలు రెండు ఉన్నాయి: ఒకటి ప్లాస్టిక్స్ టెక్నాలజీ, రెండోది అచ్చుల తయారీకి సంబంధించినది. యంత్రం నడపడం మీద ఆసక్తి ఉంటే మొదటిది, లోహాన్ని మైక్రాన్లలో కోయడం ఇష్టమైతే రెండోది ఎంచుకోండి. బీఎస్సీ చేసినవారికి ప్రాసెసింగ్, టెస్టింగ్‌లో పీజీ డిప్లొమా ఉంది.

మూడో నెల చివర చేయవలసిన లెక్క

ఏదైనా డబ్బా మూతను తీసుకోండి. నీళ్ల పరీక్షతో పదార్థం, గాటును చూసి గేట్, కాలిపర్‌తో మందం రాయండి. మూత వ్యాసం 20 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. మామూలు మందం ఉన్న పాలీప్రొపిలీన్‌కు చదరపు సెంటీమీటరుకు 0.3 టన్నుల చొప్పున 94 టన్నుల బిగింపు కావాలి. కొంత అదనం కలిపితే 110 టన్నుల దగ్గరి మెషిన్ సరిపోతుంది. మూత బరువుకు రన్నర్ బరువు కలిపి, అది బ్యారెల్ సామర్థ్యంలో 20 నుంచి 80 శాతం మధ్య పడేలా చూడండి. అంతకంటే తక్కువైతే సరుకు బ్యారెల్‌లో ఎక్కువసేపు నానుతూ మాడుతుంది. 200 గ్రాముల బ్యారెల్‌లో 20 గ్రాముల షాట్, 30 సెకన్ల సైకిల్ అయితే ప్రతి గుళికా దాదాపు అయిదు నిమిషాలు వేడిలో ఉంటుంది. పాలీప్రొపిలీన్ దాన్ని ఓర్చుకుంటుంది, పీవీసీతో మాత్రం ఆ సాహసం చేయకూడదు.

ఈ అంకెలు రాసుకున్న కాగితంతో అలాంటి మూతలు పోసే యూనిట్‌కు వెళ్లి, వారి మెషిన్ ఎన్ని టన్నులదో, సైకిల్ ఎన్ని సెకన్లో అడగండి. మీ లెక్కకూ వారి లెక్కకూ తేడా వస్తే అచ్చులో మూత ఆకారపు గదులు (కేవిటీలు) ఎన్ని ఉన్నాయో చూడండి; ఒకే షాట్‌లో రెండు మూతలు పడుతుంటే వైశాల్యం రెట్టింపై టన్నులూ రెట్టింపవుతాయి. ఆ తర్వాత చల్లార్చే నీటి గొట్టాన్ని వారి అనుమతితో చేత్తో తాకి, లోపలికి పోయే నీటికీ బయటికి వచ్చే నీటికీ వేడి తేడా ఎంతుందో గమనించండి. ఆ తేడా ఎక్కువగా ఉంటే నీటి ప్రవాహం చాలడం లేదు. వారి సైకిల్ మీరు వేసుకున్న అంచనా కంటే పొడవుగా ఉండటానికి కారణం చాలావరకు అదే అయి ఉంటుంది.